మణి కౌల్ ‘ఉస్కీ రోటీ’ని నలభై నిమిషాల దగ్గర ఆపేశాను: ఈ దర్శకుడి గొప్పదనం ఎక్కడుంది?

సందేహి

గత ఆదివారం మణి కౌల్ తీసిన ‘ఉస్కీ రోటీ’ చూడటానికి కూర్చుని, నలభై నిమిషాల దగ్గర ఆపేశాను. తేలిగ్గా తీసుకుని చూడలేదు. మంచిదని పదిమంది రాసింది చదివి, ఫోను పక్క గదిలో పెట్టి, దీపాలు ఆర్పి మరీ కూర్చున్నాను. పంజాబులో ఒక పల్లె. సుచ్చా సింగ్ బస్సు డ్రైవరు. అతని భార్య బాలో రోజూ రొట్టెలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి అతని బస్సు కోసం నిలబడుతుంది. ఒక రోజు ఆమెకు ఆలస్యమవుతుంది, అతనికి కోపం వస్తుంది. మోహన్ రాకేశ్ రాసిన ఆ కథ చాలా మంచి కథ. దాన్ని దాదాపు రెండు గంటలు ఎందుకు సాగదీశారో, మనుషులు పాఠం అప్పజెప్పినట్లు ఎందుకు మాట్లాడతారో, ఒక చేతిని అంతసేపు ఎందుకు చూపిస్తారో నాకు అర్థం కాలేదు.

1944లో జోధ్‌పూర్‌లో పుట్టి 2011లో పోయిన ఈ మనిషి ముప్పై ఏళ్లు సినిమాలు తీశాడు. వాటిలో మామూలు ప్రేక్షకుడి దాకా వచ్చినవి దాదాపు లేవు. వాదన కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. ఈ జీవితాన్ని గొప్పది అనడానికి కారణం ఏమిటి?

రీలుపెట్టె

సందేహి గారి ప్రశ్న న్యాయమైనదే కాబట్టి మొదటి నుంచి చెబుతాను. మణి కౌల్‌ది కశ్మీరీ పండిట్ల కుటుంబం, పెరిగింది రాజస్థాన్‌లో. హిందీ సినిమాల్లో నటుడిగా, దర్శకుడిగా పేరున్న మహేశ్ కౌల్ ఆయనకు బాబాయి వరస. అంటే బొంబాయి తలుపు ఆయనకు మూసి లేదు. అయినా పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి 1966లో చదువు ముగించుకున్నాడు. అక్కడ పాఠం చెప్పింది బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్. కుమార్ సహానీ, మలయాళంలో సినిమాలు తీసిన జాన్ అబ్రహాం కూడా ఆ కాలపు శిష్యులే.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. ఘటక్ సినిమాల్లో ఏడుపు ఏడుపుగా, గాలివాన గాలివానగా ఉంటుంది. ఆయన్ను గురువుగా కొలిచిన మణి కౌల్ సినిమాల్లో కన్నీటి బొట్టు ఒక్కటి కనపడదు. గురువు దగ్గర నేర్చుకున్నది శైలి కాదు, సినిమాకు తనదైన భాష ఉండి తీరాలన్న పట్టుదల. ఫ్రెంచి దర్శకుడు రాబర్ట్ బ్రెస్సన్ నుంచి ఆయన తీసుకున్నది మరొకటి: నటుడు భావాన్ని ముఖం మీద పులమకూడదు. మీకు పాఠం అప్పజెప్పినట్లు వినిపించిన మాటలు పొరపాటున అలా రాలేదు. మాటలో నటన ఉంటే మీరు నటుడినే వింటారు, లేకపోతే మాటను వింటారు. ఆయన కోరింది ఆ రెండోది.

మొదటి సినిమా తీసే నాటికి ఆయనకు దాదాపు ఇరవై అయిదేళ్లు.

నేలటిక్కెట్టు

రీలుపెట్టె గారు అసలు సంగతి వదిలేశారు. ‘ఉస్కీ రోటీ’ తీసింది ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన డబ్బుతో, అంటే జనం డబ్బుతో. దానికి సరైన విడుదల కూడా జరగలేదు. అదే కార్పొరేషన్ అప్పుతో 1969లోనే మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’ తీశాడు, బాసు ఛటర్జీ ‘సారా ఆకాశ్’ తీశాడు. ఆ మూడింటికీ ఛాయాగ్రాహకుడు ఒక్కడే, కె.కె. మహాజన్. సొమ్ము అదే, కెమెరా పట్టిన చేతులు అవే. ‘భువన్ షోమ్’ను జనం చూశారు, దీన్ని చూడలేదు. తప్పు జనానిది అనడం నాకు నచ్చదు.

పాతటిక్కెట్టు

నేను బ్యాంకులో పనిచేసి విరమించుకున్నవాణ్ణి. 70లలో మా ఊళ్లో ఒక ఫిల్మ్ సొసైటీ ఉండేది. పదహారు మిల్లీమీటర్ల ప్రింటు రైల్లో వచ్చేది. ఆ రేకు పెట్టె కోసం ఇద్దరం స్టేషనులో పార్సిలు ఆఫీసు ముందు కూర్చునేవాళ్లం. ‘ఉస్కీ రోటీ’ని అక్కడే చూశాను. అరవై మందితో మొదలైన ప్రదర్శన ముగిసేసరికి మేము పద్దెనిమిది మందిమి మిగిలాం. లెక్క ఎందుకు గుర్తుందంటే, చివర్లో ఇనుప కుర్చీలు మడిచి గోడకు చేర్చవలసిన వంతు నాది.

నేలటిక్కెట్టు గారు చెప్పిన డబ్బు సంగతి ఆనాడే పెద్ద గొడవ. 1960లో పుట్టిన ఆ కార్పొరేషన్ రాబడి లేని సినిమాలకు అప్పులిస్తోందని అత్యవసర పరిస్థితి రోజుల్లో పార్లమెంటు కమిటీ కూడా తప్పుపట్టింది. అయితే ఒక మాట చెప్పాలి. ‘పథేర్ పాంచాలి’కి పెట్టుబడి పెట్టింది పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం. ఆ రోజు కూడా ఎవరైనా రాబడి లెక్క వేసుకుని ఉంటే మనకు దాని దర్శకుడు సత్యజిత్ రాయ్ మిగిలేవాడు కాదు. ఏ విత్తనం మొలుస్తుందో ముందే తెలిసిన రైతు ఉండడు.

నేలటిక్కెట్టు

‘పథేర్ పాంచాలి’ని జనం చూశారు, పాతటిక్కెట్టు గారూ. నా అభ్యంతరం అక్కడే ఉంది. అది మొలిచిన విత్తనం.

వరంగల్_వాణి

సినిమా శాస్త్రం నాకు తెలియదు. నాకు తెలిసినది ఒకటి చెబుతాను.

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఏటూరునాగారం వైపు డ్యూటీ పడిన రోజుల్లో బస్సు మధ్యాహ్నం మా ఊరి స్టేజీ మీదుగా పోయేది, ఇంటికి వచ్చి తినే వీలుండేది కాదు. మా అమ్మ సద్ది గిన్నె ఒక తువ్వాలలో కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టేజీ దగ్గర నిలబడేది. బస్సు ఆగేది ఒక్క నిమిషం. గిన్నె కిటికీలోంచి చేతికి అందేది, నిన్నటి ఖాళీ గిన్నె తిరిగి వచ్చేది, బస్సు వెళ్లిపోయేది. ఆ ఒక్క నిమిషం కోసం కొన్ని రోజులు గంట, కొన్ని రోజులు రెండు గంటలు నిలబడేవాళ్లం. అప్పుడు నాకు ఏడేళ్లు. నాకు బాగా గుర్తున్నది బస్సు కాదు. మా అమ్మ గిన్నెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం, తువ్వాల ముడి వదులైతే పళ్లతో బిగించడం, దూరంగా దుమ్ము లేస్తే ఒక అడుగు ముందుకు వేసి, వచ్చేది లారీ అని తెలిశాక ఆ అడుగు వెనక్కి తీసుకోవడం.

ఈ సినిమాను ఐదేళ్ల క్రితం చూశాను. చేతులు అంతసేపు చూపించడమెందుకు అని సందేహి గారు అడిగారు కదా. నిలబడి ఎదురుచూసేవాళ్లకు బతుకంతా చేతుల్లోనే ఉంటుందండీ. ఆ సినిమాలో నాకు ఒక్క క్షణం కూడా ఎక్కువ అనిపించలేదు.

గోదారిగట్టు

వాణి గారి మాట చదివాక నాకూ ఒకటి తోచింది. బస్సు కోసం ఎదురుచూసే సినిమాను విమర్శకుల కంటే ముందు పల్లెవెలుగు ప్రయాణికులకు చూపించవలసింది. తప్పకుండా కూర్చునేవారు, అలవాటున్న పని కనుక.

సందేహి

వాణి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ నాకు ఒక చిక్కు ఉంది. మీ అనుభవం మీకు ఆ సినిమాలోకి దారి చూపింది. అలాంటి జ్ఞాపకం లేని నాలాంటివాడికి సినిమాయే దారి చూపాలి కదా?

ఆలాపన

నేను కర్ణాటక సంగీతం నేర్పుతాను. సందేహి గారు అడిగిన దారి సంగీతంలో ఉందని నా నమ్మకం. మణి కౌల్ హిందుస్తానీ సంగీతంలో పాత గాన పద్ధతి అయిన ధ్రుపద్ నేర్చుకున్నాడు. అది సరదాకు నేర్చుకున్న విద్య కాదు. రుద్రవీణ విద్వాంసుడు ఉస్తాద్ జియా మొహియుద్దీన్ డాగర్ దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి సాధన చేశాడు. తరవాతి కాలంలో తానే శిష్యులకు నేర్పాడు. 1982లో ఫిల్మ్స్ డివిజన్ కోసం ‘ధ్రుపద్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో ఆ ఉస్తాదూ, ఆయన తమ్ముడు జియా ఫరీదుద్దీన్ డాగరూ ఉన్నారు.

ధ్రుపద్ ఆలాపంలో తాళం ఉండదు. స్వరం మీద నిలబడతారు. ఒక స్వరం నుంచి పక్క స్వరానికి వెళ్లే లోపల ఎంత చోటు ఉందో వెతుకుతారు. మా గురువుగారు తోడి రాగం పాడేటప్పుడు గాంధారం దగ్గర పావుగంట ఆగిపోయేవారు. కొత్తగా వచ్చిన పిల్లలు ‘కీర్తన ఎప్పుడండీ’ అని అడిగేవారు. ఆరు నెలలు విన్న తరవాత ఆ పిల్లలే కీర్తన తొందరగా మొదలైతే నొచ్చుకునేవారు. ‘ఉస్కీ రోటీ’లో కథ కీర్తన లాంటిదైతే, ఆయన చేసింది దాని ముందరి ఆలాపన. మీరు కీర్తన కోసం ఎదురుచూస్తూ నలభై నిమిషాలు కూర్చున్నారు.

‘ధ్రుపద్’ చివర్లో ఒక షాట్ ఉంది. సంగీతం సాగుతుండగా కెమెరా బొంబాయి మురికివాడల కప్పుల మీదుగా, మేడల మీదుగా, కోయకుండా, నిమిషాల తరబడి ప్రయాణిస్తుంది. రాజుల కోటల్లో పుట్టిన సంగీతాన్ని తెచ్చి రేకుల కప్పుల మీద పరిచాడు. అక్కడ ఒక్క మాట కూడా వ్యాఖ్యానంగా వినిపించదు.

నేలటిక్కెట్టు

సంగీతం పోలిక అందంగా ఉంది, కానీ నేను ఒప్పుకోను. చెవి పదిహేను నిమిషాలు ఒక స్వరం మీద నిలుస్తుంది, కన్ను అలా నిలవదు. సత్యజిత్ రాయ్ అంతటివాడు 70లలో రాసిన వ్యాసాల్లో మణి కౌల్ ‘దువిధా’నూ, కుమార్ సహానీ ‘మాయా దర్పణ్’నూ గట్టిగానే తప్పుపట్టాడు. రాయ్‌కు సంగీతం తెలియదా? ఆయన తన సినిమాలకు తానే సంగీతం కూర్చుకున్నాడు.

కూర్పరి

నేను హైదరాబాదులో పద్దెనిమిదేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. కన్ను నిలవదు అన్న మాట దగ్గర ఆగాలి. కన్ను నిలవకపోవడం కన్ను స్వభావం కాదు, మేము చేసిన అలవాటు. రెండు మూడు సెకన్లకు ఒక షాట్ కోసి కోసి, ప్రేక్షకుడి కన్నుకు ఆకలి నేర్పింది మేమే. ఈ మాట చెప్పడానికి నాకు బాధగానే ఉంది, నా అన్నం ఆ పనిలోంచే వస్తోంది.

‘ఉస్కీ రోటీ’లో ఒక పని జరిగింది, దాన్ని గమనిస్తే సినిమా తెరుచుకుంటుంది. ఆయన ప్రధానంగా రెండు రకాల లెన్సులు వాడాడు. వైడ్ లెన్సులో దగ్గరిదీ దూరందీ అన్నీ స్పష్టంగా ఉంటాయి. టెలీ లెన్సులో ముఖం ఒక్కటే స్పష్టంగా ఉండి, వెనకదంతా అలుక్కుపోతుంది, దూరం మాయమవుతుంది. మొదట మనకు, ఒకటి జరుగుతున్నదీ మరొకటి బాలో మనసులోదీ అనిపిస్తుంది. సినిమా సాగేకొద్దీ ఆ లెక్క తారుమారవుతుంది. ఆమె నిజంగా రోడ్డు మీద ఉందా, ఊహిస్తోందా అన్నది లెన్సు చెప్పదు. చాలాసేపు ఎదురుచూసినవాళ్లకు జరిగేదదే కదా, రాని బస్సు పదిసార్లు వచ్చినట్లుంటుంది. ఆ నలుపు తెలుపు పనితనానికే మహాజన్‌కు జాతీయ అవార్డు వచ్చింది.

ఇంకో మాట, మనవాళ్ల కోసం. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథతో తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీసినప్పుడు కెమెరా పట్టింది ఈ మహాజనే. బాలో నిలబడ్డ రోడ్డును చూపించిన కన్నే మన పల్లెను కూడా చూసింది.

పాతటిక్కెట్టు

‘ఒక ఊరి కథ’ను కూడా అదే సొసైటీలో చూశాం. ఆ రోజు ఒక్కరూ లేవలేదు. వాసుదేవరావు ముఖం ఇప్పటికీ కళ్లముందుంది.

నాగమల్లి_డాలస్

రాయ్ విమర్శించిన ‘దువిధా’ నాకు ప్రాణం. నేలటిక్కెట్టు గారు జనం డబ్బు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను: 1973 నాటి ఈ సినిమాకు అండగా నిలిచి డబ్బు సమకూర్చింది చిత్రకారుడు అక్బర్ పదమ్సీ. ఆయన కూతురు రైసా పదమ్సీయే ఇందులో పెళ్లికూతురు. కథ విజయదాన్ దేథాది. తీసింది ఆ రచయిత సొంత ఊరు, రాజస్థాన్‌లోని బోరుందాలో. కొత్తగా పెళ్లయిన వ్యాపారి కొడుకు భార్యను వదిలి వ్యాపారానికి వెళ్లిపోతాడు. దారిలో చెట్టు మీద నుంచి ఆమెను చూసి మనసుపడ్డ దయ్యం అతని రూపంలో ఇంటికి వస్తుంది. తాను దయ్యాన్నని ఆమెకు ముందే నిజం చెప్పేస్తుంది.

ఇదే కథతో 2005లో అమోల్ పాలేకర్ షారుఖ్ ఖాన్‌ను పెట్టి ‘పహేలీ’ తీశాడు. రెండూ ఒకే వారంలో చూశాను. ‘పహేలీ’ పండుగలా ఉంటుంది, దాన్ని తక్కువ చేయను. ‘దువిధా’లో మాత్రం తెల్లగోడ ముందు ఎర్రటి ఓఢనీలో ఆమె నిలబడుతుంది. మాటలు ఆమె నోట్లోంచి కాదు, పక్కనుంచి ఎవరో కథ చెబుతున్నట్లు వస్తాయి. కొన్ని చోట్ల బొమ్మ నిలిచిపోతుంది, ఫొటో అయిపోతుంది. ఆ ఇంట్లో ఆమెకు కదిలే చోటు ఎంత ఉందో నాకు ఆ నిలిచిపోయిన బొమ్మల్లోనే తెలిసింది. మగడు పోతూ అడగలేదు, గొర్రెల కాపరి దయ్యాన్ని తోలుతిత్తిలో బంధిస్తూ అడగలేదు. ఆమెకేం కావాలో అడిగింది దయ్యం ఒక్కటే.

ఉత్తమ దర్శకుడిగా ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది ఈ సినిమాకే.

సందేహి

‘దువిధా’ నిడివి ఎంత? ముందు అది చూస్తే నయమా?

నాగమల్లి_డాలస్

గంటన్నర కూడా ఉండదు. రంగుల సినిమా. ముందు అదే చూడండి.

కూర్పరి

నేను ఒప్పుకోను. ముందు ‘దువిధా’ చూసినవాళ్లు అందానికి పడిపోయి, అందం లేని చోట కూడా దాన్నే వెతుకుతారు. ఆపేసిన చోటు నుంచి కాకుండా, ‘ఉస్కీ రోటీ’నే మొదటి నుంచి మళ్లీ చూడండి.

రీలుపెట్టె

మనం రెండు సినిమాల దగ్గరే తిరుగుతున్నాం. ఆ తరవాతి జీవితం ఇంకా విశేషంగా ఉంటుంది. ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’ 1971లో వచ్చింది, అదీ మోహన్ రాకేశ్ రచనే, కాళిదాసు గురించిన నాటకం. 1976లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవాళ్లు కొందరు యుక్త్ అనే సహకార సంఘం పెట్టుకుని, విజయ్ తెండూల్కర్ నాటకం ‘ఘాశీరామ్ కొత్వాల్’ను సినిమాగా తీశారు. మణి కౌల్, కె. హరిహరన్, కమల్ స్వరూప్, సయీద్ మీర్జా కలిసి తీసిన సినిమా అది. ఓం పురి తొలి సినిమాల్లో అదొకటి. 1980లో హిందీ కవి ముక్తిబోధ్ రచనల ఆధారంగా ‘సతహ్ సే ఉఠతా ఆద్మీ’ తీశాడు. 1984లో మట్టి బొమ్మల మీద ‘మాటీ మానస్’ తీశాడు.

1989 నాటి ‘సిద్ధేశ్వరి’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కాశీ ఠుమ్రీ గాయని సిద్ధేశ్వరీ దేవి జీవితం అది. జీవితచరిత్ర అంటే పుట్టుక, కష్టాలు, సన్మానాలు వరసగా వస్తాయని మనం అనుకుంటాం. ఇక్కడ ఆ వరస లేదు. గంగ, మెట్లు, సందులు, పాట, వాటి మధ్య ఆమెగా మీతా వశిష్ఠ్ నడుస్తుంది. చివరికి ఆ నటి టీవీ ముందు కూర్చుని, తెర మీద పాడుతున్న అసలు సిద్ధేశ్వరీ దేవిని చూస్తుంది. ఇన్నాళ్లూ ఆమెగా ఉన్న మనిషి, ఆమె కాలేని మనిషిగా చూస్తున్న ఆ చూపు కోసం నేను ఈ సినిమాను నాలుగుసార్లు చూశాను. దానికీ జాతీయ అవార్డు వచ్చింది.

తరవాత రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ. ‘నజర్’ ఒకటి, దూరదర్శన్ కోసం నాలుగు భాగాలుగా తీసిన ‘ఇడియట్’ ఇంకొకటి. ఈ రెండోదానిలో అప్పటికి ఇంకా పెద్ద తార కాని షారుఖ్ ఖాన్ ఉన్నాడు. 90లలో ఆయన నెదర్లాండ్స్‌లో ఉండి ధ్రుపద్ నేర్పాడు. 1999లో వినోద్ కుమార్ శుక్ల నవల ‘నౌకర్ కీ కమీజ్’ను సినిమాగా తీశాడు. అప్పటికి ఆయన ఆలోచన ఎంత దూరం వెళ్లిందంటే, ఛాయాగ్రాహకుడు కెమెరాలో చిత్రం అంచులు చూపే వ్యూఫైండర్‌లోంచి చూడకూడదన్నాడు. ముందే అంచు కట్టుకుని చూస్తే, అంచు లోపల ఉన్నదే ముఖ్యమని కన్ను నిర్ణయించుకుంటుందని ఆయన అభిప్రాయం. 2011 జులై 6న గుర్‌గావ్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

ఆలాపన

వ్యూఫైండర్ సంగతి విన్నాక ఒకటి చెప్పాలనిపించింది. మేము పిల్లలకు హార్మోనియం తీసేసి, ఒక్క తంబురా మీదే పాడిస్తాం. ఆసరా పోయాక మొదటి వారం అందరూ తడబడతారు. ఆయన ఆ తడబాటును కావాలని కెమెరా చేతికి ఇచ్చాడు.

నేలటిక్కెట్టు

ఇంత చదివాక కూడా నా మాట మార్చుకోను: ప్రజల సొమ్ముతో తీసినదాన్ని ప్రజల దగ్గరికి చేర్చే బాధ్యత ఉంది. కానీ దాన్ని కొంచెం సవరించుకుంటాను. ఆ బాధ్యత దర్శకుడి ఒక్కడిది కాదు. అప్పు ఇచ్చిన సంస్థ ఒక హాలు కూడా ఇచ్చి ఉండవలసింది. తీయడానికి డబ్బిచ్చి, చూపడానికి చోటు ఇవ్వకుండా, ఎవరూ చూడలేదని లెక్కలు అడగడం అన్యాయమే. పాతటిక్కెట్టు గారు రైలు స్టేషనులో కూర్చుని తెచ్చుకున్న ఆ రేకు పెట్టెలు ప్రభుత్వమే ఊరూరా పంపవలసినవి.

రాయ్ విషయంలో మాత్రం నేను రాయ్ పక్షమే.

పాతటిక్కెట్టు

మీరు ఆ పక్షాన ఉండటమే మంచిది. మా సొసైటీలోనూ ప్రతి ప్రదర్శన తరవాత టీకొట్టు దగ్గర రెండు పక్షాలుగా నిలబడేవాళ్లం. మిగిలిన ఆ పద్దెనిమిది మందిలోనూ ఏడుగురికి సినిమా నచ్చలేదు. నచ్చకపోయినా చివరిదాకా కూర్చున్న ఆ ఏడుగురి మీద నాకు ఇప్పటికీ గౌరవం.

వరంగల్_వాణి

నిన్న రాత్రి మా అమ్మకు ఈ సినిమా చూపించాను. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు, హిందీ రాదు. పది నిమిషాలు చూసి పడుకుంటుందనుకున్నాను. గంటసేపు కదలకుండా చూసింది. మధ్యలో ఒక్కసారి మాట్లాడింది, అదీ తన సంగతే. “నేను ఎన్నడు చెట్టు నీడకు నిలవడకపోతుంటి. నీడల ఉంటే డ్రైవరుకు మనిషి కనవడది. ఎండలకొచ్చి నిలవడితేనే బస్సు ఆగుతది.” నేను ఆమె పక్కనే అన్నేళ్లు నిలబడ్డాను, మేము ఎందుకు ఎండలో నిలబడుతున్నామో నాకు ఇంతవరకూ తెలియదు.

సందేహి

నేనూ నిన్ననే మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆపలేదు. అన్నీ అర్థమయ్యాయని చెప్పలేను, కూర్పరి గారు చెప్పిన లెన్సుల లెక్క నాకు రెండు చోట్ల తప్పిపోయింది. వాణి గారూ, ఒక్కటి అడగాలనుంది. అంతసేపు నిలబెట్టినందుకు మీ అమ్మగారికి సుచ్చా సింగ్ మీద కోపం రాలేదా?

వరంగల్_వాణి

రాలేదండీ. రొట్టెలు చల్లారిపోయి ఉంటాయని మాత్రం రెండుసార్లు అన్నది.